ఫోన్ నుంచి విరామం ఎవరికి ఎంత అవసరమో కొలవడం ఎలా

ఒక అపార్ట్‌మెంటులో గాని, ఆఫీసులో ఒక బృందంలో గాని, ఒక తెలుగు సంఘంలో గాని ఎంతమందికి ఫోన్, ల్యాప్‌టాప్‌ల నుంచి కొంత విరామం అవసరమో తెలుసుకోవాలనుకున్నప్పుడు, ‘రోజుకు ఎన్ని గంటలు ఫోన్ చూస్తారు?’ అన్న ప్రశ్నే ముందుగా నోటికి వస్తుంది. ఆ ప్రశ్నతో మొదలుపెడితే అసలు సంగతి తెలియదు. మారతహళ్ళిలో పీజీలో ఉంటూ, ఆదివారం ఆరు గంటలు సినిమాలు చూసి హాయిగా నిద్రపోయే కుర్రవాడు ఒకరు. రోజంతా కలిపి రెండు గంటలే ఫోన్ పట్టుకున్నా మెసేజ్ చప్పుడు వినబడిన ప్రతిసారీ ఉలిక్కిపడే ఉద్యోగిని ఒకరు. గంటల లెక్కలో మొదటివారే ముందుంటారు, విరామం కావలసింది మాత్రం రెండోవారికి.

బెంగళూరులోని తెలుగు కుటుంబాల మధ్య, కొందరు మిత్రుల సాయంతో, ఈ కొలత పని నేను కొన్నిసార్లు చేశాను. అందులో పనికివచ్చిన పద్ధతినీ, చేసి దిద్దుకున్న తప్పులనూ కలిపి ఇక్కడ రాస్తున్నాను. 40 మంది ఉన్న గుంపుకైనా 200 మంది ఉన్న గుంపుకైనా ఇది సరిపోతుంది. కావలసినవి కొన్ని జిరాక్స్ కాగితాలు, మూడు నాలుగు వారాల ఓపిక, ఎక్సెల్‌లో కూడికలు చేయగలిగిన ఒక మనిషి.

ముందుగా తేల్చుకోవలసినది

వాడకం, వ్యసనం, విరామం అవసరం అనేవి మూడూ వేరు వేరు సంగతులు. ఈ మూడింటినీ కలిపేస్తే ఆ తరువాత ఎంత జాగ్రత్తగా లెక్క కట్టినా ఫలితం ఉండదు.

వ్యసనాన్ని కొలిచే పనిముట్లు ఇప్పటికే ఉన్నాయి. కింబర్లీ యంగ్ 1998లో ప్రచారంలోకి తెచ్చిన ఇంటర్నెట్ అడిక్షన్ టెస్టులో 20 ప్రశ్నలున్నాయి. 2013లో కొరియా పరిశోధకులు కౌమార వయస్కుల కోసం తయారుచేసిన స్మార్ట్‌ఫోన్ అడిక్షన్ స్కేలు చిన్న రూపంలో 10 వాక్యాలుంటాయి, ఒక్కొక్కదానికి 1 నుంచి 6 దాకా మార్కులు పడతాయి. అబ్బాయిలకు 31 దగ్గర, అమ్మాయిలకు 33 దగ్గర వాళ్ళు గీత గీశారు. ఫోన్ దగ్గర లేకపోతే కలిగే బెంగను కొలవడానికి 2015లో వచ్చిన నోమోఫోబియా ప్రశ్నావళిలో 20 వాక్యాలున్నాయి. ఇవన్నీ మంచి పనిముట్లే గాని, ఫోన్ మనిషిని ఎంత గట్టిగా పట్టుకుందన్నదాన్నే ఇవి కొలుస్తాయి. ఆ మనిషి ఎంత అలసిపోయాడు, ఆ అలసట తీరడానికి ఎంత ఎడం కావాలనుకుంటున్నాడు అన్నది వాటి పరిధిలోది కాదు. పైగా కొరియా పిల్లల మార్కులను బట్టి గీసిన గీతను తెచ్చి కె.ఆర్.పురంలో ఉన్న 45 ఏళ్ళ గృహిణికి తగిలించడం ఆమెకు న్యాయం చేసినట్టు కాదు.

రోగం పేరు పెట్టడంలో మరింత జాగ్రత్త అవసరం. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల వర్గీకరణ 11వ కూర్పు 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. అందులో గేమింగ్ రుగ్మతకు చోటు ఉంది, దాన్ని నిర్ధారించడానికి సాధారణంగా 12 నెలల పాటు లక్షణాలు కనబడాలన్న షరతు కూడా ఉంది. మామూలు ఫోన్ వాడకానికి అలాంటి ప్రత్యేకమైన రోగం పేరేదీ అందులో లేదు. మన ఊళ్ళోనే ఉన్న మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2014లో షట్ క్లినిక్ పేరుతో సాంకేతిక సాధనాల మితిమీరిన వాడకానికి చికిత్స మొదలుపెట్టింది. రోగమా కాదా అని తేల్చే పని అక్కడివారిది. మన ప్రశ్నావళి అలసటను, కోరికను కొలవడంతో ఆగాలి.

అవసరం అనే మాటను నేను రెండు భాగాలుగా తీసుకుంటాను. ఒకటి ఒంటికీ మనసుకీ కలిగిన అలసట. రెండోది కాసేపు దూరంగా ఉండాలన్న కోరిక. విరామం తీసుకోవడానికి వీలు ఉందా లేదా అన్నది మూడో సంగతి, దాన్ని ఈ రెండింటితో ఎప్పుడూ కూడకూడదు. ఈ తేడా నాకు తెలిసేలా చేసింది ఆహార డెలివరీ పని చేసే ఒక అనంతపురం యువకుడు. ఫోన్ పక్కన పెట్టాలనిపించదా అని అడిగితే, ‘అనిపించకేం అన్నా, పెడితే ఆర్డరు పక్కోనికి పోతాది’ అన్నాడు. అప్పటి నా కాగితం మీద అతనికి అవసరమూ తక్కువే, ఇబ్బందీ తక్కువే అన్నట్టుగా మార్కులు పడ్డాయి. ‘గత వారంలో ఎన్నిసార్లు విరామం తీసుకున్నారు?’ అని నేను అడగడం, అతను సున్నా అని చెప్పడం, దాన్ని నేను అక్కరలేనితనంగా లెక్కించడం జరిగిపోయింది.

ప్రశ్నలు రాయడం

1932లో రెన్సిస్ లైకర్ట్ ప్రవేశపెట్టిన పద్ధతిలో ‘పూర్తిగా ఏకీభవిస్తాను’ నుంచి ‘ఏమాత్రం ఏకీభవించను’ దాకా ఐదు మెట్లుంటాయి. పుస్తకాల్లో అందరూ ఇదే వాడతారు. తెలుగు ఇళ్ళలో ఇది సాఫీగా నడవదు, ఎందుకంటే ‘ఏకీభవించడం’ ఎవరూ నోటితో అనే మాట కాదు. ‘ఎప్పుడూ, తరచుగా, అప్పుడప్పుడు’ అనే మెట్లు పెట్టి చూశాను. ‘తరచుగా అంటే ఎన్నిసార్లు నాయనా?’ అని ఒక పెద్దావిడ అడిగితే నా దగ్గర జవాబు లేదు. చివరికి రోజులు లెక్కపెట్టించడమే సరిగ్గా కుదిరింది. ‘గడిచిన 7 రోజుల్లో ఎన్ని రోజులు ఇలా జరిగింది?’ అని అడిగి, ఒక్క రోజూ లేదంటే 0, ఒకటి రెండు రోజులంటే 1, మూడు నాలుగు రోజులంటే 2, ఐదారు రోజులంటే 3, రోజూ అంటే 4 మార్కులు వేయాలి. చదువుకున్నవారూ చదువుకోనివారూ దీన్ని ఒకే తీరుగా అర్థం చేసుకుంటారు.

రెండు మూడు విడతలు దిద్దిన తరువాత నిలిచిన వాక్యాలు ఇవి:

1. ఫోన్ గాని కంప్యూటర్ గాని చూస్తుండగా కళ్ళు మండాయి.
2. ఫోన్ గాని కంప్యూటర్ గాని చూశాక మెడ పట్టేసింది.
3. పడుకోవాలనుకున్న వేళ దాటిపోయినా ఫోన్ చూస్తూ ఉండిపోయాను.
4. ఫోన్ పక్కన పెట్టిన తరువాత కూడా మనసు కుదుటపడలేదు.
5. మెసేజ్ వచ్చిన చప్పుడు వినగానే విసుగు పుట్టింది.
6. కాసేపు ఎవరికీ అందకుండా ఉంటే బాగుండునని అనిపించింది.
7. ఈ ఫోన్‌ను ఎక్కడైనా పెట్టి మరచిపోవాలనిపించింది.
8. ఫోన్ పక్కన పెట్టి కూడా ఊరికే ఉండలేక మళ్ళీ తీశాను.
9. ఫోన్ పక్కన పెడదామనుకున్నా పని వల్లనో ఇంటి బాధ్యత వల్లనో పెట్టలేకపోయాను.

మొదటి నాలుగు అలసటకు, తరువాతి మూడు కోరికకు సంబంధించినవి. ఈ ఏడింటినీ కలిపితే 0 నుంచి 28 మార్కులు వస్తాయి, అదే అవసరం స్కోరు. చివరి రెండూ వీలుకు సంబంధించినవి కనుక వాటిని విడిగా ఉంచాలి. ఆ రెండింటిని కూడా ఒకదానితో ఒకటి కలపకూడదు, ఎందుకంటే తన చేయి తనకు ఆగకపోవడం వేరు, పైవారు ఆగనివ్వకపోవడం వేరు.

మొదటి వాక్యంలో ‘చూస్తుండగా’ అన్న మాట తీసేయకండి. అవుటర్ రింగ్ రోడ్డు మీద రోజూ బండి నడిపేవారికీ, ఆఫీసులో ఏసీ కిందనే కూర్చునేవారికీ కళ్ళు ఎలాగూ మండుతాయి. తెర వైపు కన్నార్పకుండా చూసేటప్పుడు రెప్పపాటు తగ్గడం వల్ల వచ్చే మంటే మనకు కావలసినది. అలాగే ‘కళ్ళు మండాయి, తలనొప్పి వచ్చింది’ అని రెండింటిని ఒకే వాక్యంలో పెట్టకూడదు. ఒకటి ఉండి ఇంకొకటి లేనివారు ఏం రాయాలో తోచక పెన్ను పట్టుకుని ఆలోచిస్తూ కూర్చుంటారు.

తీసేసిన వాక్యం ఒకటుంది, దాని గురించి చెప్పడం అవసరం. ‘ఫోన్ లేకుండా గడిపిన కాసేపూ హాయిగా ఉంది’ అన్నది నాకు బాగా నచ్చిన వాక్యం. మొదటి విడతలో మార్కులు చూస్తే, మిగతా వాక్యాలన్నింటిలో ఎక్కువ మార్కులు వచ్చినవారికి దీంట్లో సున్నాలు పడ్డాయి. ఫోన్ లేకుండా గడిపిన కాసేపు అన్నది వాళ్ళకు ఆ వారంలో దొరకనే లేదు, మరి హాయి ఎక్కడినుంచి వస్తుంది? అవసరం బాగా ఉన్నవారినే తక్కువ చేసి చూపించే వాక్యం ఇలా పైకి చక్కగా కనబడుతూనే లెక్కంతా చెడగొడుతుంది. మీరు కొత్తగా రాసే ప్రతి వాక్యాన్నీ, విరామమే దొరకని మనిషి చదివితే ఏమని రాస్తాడు అని ఒకసారి ఆలోచించి చూడాలి.

వ్యతిరేకార్థక వాక్యాలు కూడా వద్దు. ఒకే వైపు గుడ్డిగా టిక్కులు పెట్టేవారిని పట్టుకోవడానికి మధ్యలో ఒకటి రెండు తిరగేసిన వాక్యాలు పెట్టమని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. తెలుగులో ‘నిద్ర పట్టలేదా?’ అని అడిగితే ‘అవును, పట్టలేదు’ అని కొందరు, ‘లేదు, పట్టలేదు’ అని కొందరు అంటారు. రెండింటి అర్థమూ ఒకటే అయినా కాగితం మీద అవి ఎదురెదురు గళ్ళలో పడతాయి. గుడ్డి టిక్కుల కన్నా ఈ తికమక వల్ల జరిగే నష్టమే ఎక్కువని నా అభిప్రాయం.

ఎవరిని అడగాలి, ఎలా అడగాలి

నేను చేసిన పెద్ద పొరపాటు ఇక్కడే జరిగింది. వైట్‌ఫీల్డ్ వైపు ఒక అపార్ట్‌మెంటులో ప్రశ్నావళిని గూగుల్ ఫారంగా తయారుచేసి, రాత్రి తొమ్మిదింటికి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. తెల్లవారేసరికి 60 జవాబులు వచ్చాయి, చాలా సంతోషించాను. ఫోన్ విసుగెత్తి ఆ గ్రూపును మ్యూట్‌లో పెట్టుకున్నవారెవరూ ఆ అరవైలో లేరన్న సంగతి వారం తరువాత మెట్ల దగ్గర ఒకాయనతో మాట్లాడుతుంటే తెలిసింది. ఫోన్ నుంచి దూరం కోరుకునేవారిని ఫోన్ ద్వారా వెతికితే, ఎవరిని వెతుకుతున్నామో వారే తప్పిపోతారు. అప్పటినుంచి కాగితమే వాడుతున్నాను. ఫ్లాట్ నంబర్ల జాబితా తీసుకుని ప్రతి మూడో తలుపు తట్టడం, తలుపు తెరవకపోతే మరో రోజు వేరే వేళకు వెళ్ళడం శ్రమే. ఆ శ్రమకు తగిన ఫలితం ఉంది.

బెంగళూరు తెలుగువారందరూ ఒకే తీరువారు కాదని కూడా గుర్తుంచుకోవాలి. ఉద్యోగాల కోసం ఆంధ్ర, తెలంగాణల నుంచి వచ్చినవారు ఒకవైపు ఉన్నారు. తరతరాలుగా ఇక్కడే ఉంటూ, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బడిలో కన్నడం చదువుకున్నవారు మరొకవైపు ఉన్నారు. ఈ రెండోవారిలో తెలుగు వినడం, మాట్లాడడం చక్కగా వచ్చినా లిపి చదవలేనివారు చాలామంది కనబడతారు. వారికి అవే తెలుగు వాక్యాలను కన్నడ లిపిలో రాసి ఇచ్చాం. కన్నడంలోకి అనువదించడం కన్నా ఇదే మేలు, ఎందుకంటే మాట మారితే ప్రశ్న కూడా మారుతుంది. రెండు లిపులూ రానివారికి, ఇంట్లోవారు పక్కన లేని సమయం చూసి, వాక్యం వాక్యం చదివి వినిపించాలి. కోడలి ముందు అత్తగారు, అత్తగారి ముందు కోడలు చెప్పే జవాబులకు విలువ ఇవ్వలేం.

పంచే ముందు ఐదారుగురితో కాగితం గట్టిగా చదివించి, ప్రతి వాక్యం దగ్గరా ‘దీనర్థం మీకు ఏమనిపించింది?’ అని అడగాలి. మా కాగితంలో మొదట ‘డిజిటల్ పరికరాలు’ అని ఉండేది. ఒకాయన బీపీ చూసుకునే మిషన్ కూడా అందులోకి వస్తుందా అని అడిగారు. ‘ఫోన్ గాని కంప్యూటర్ గాని’ అని మార్చాం. టీవీని లెక్కలోకి తీసుకుంటారా లేదా అన్నది ముందే నిర్ణయించుకుని కాగితం పైన ఒక వాక్యంలో రాయాలి. మేము తీసుకోలేదు.

వారం ఎంచుకోవడంలో కూడా ఆలోచన ఉండాలి. సంక్రాంతికి సగం మంది ఊళ్ళకు వెళ్ళిపోతారు, ఐపీఎల్ రోజుల్లో మామూలుగా ఫోన్ చూడనివారు కూడా చూస్తారు, సాఫ్ట్‌వేర్ బృందాలకు రిలీజ్ వారం వేరే లోకం. మామూలు వారం ఒకటి చూసుకుని ఆదివారం ఉదయం అడగడం మంచిది. 18 ఏళ్ళలోపు పిల్లలను తల్లిదండ్రుల అనుమతి లేకుండా అడగకూడదు. కాగితం మీద పేరు రాయించకుండా, జవాబిచ్చేవారు తామే ఎంచుకున్న ఒక గుర్తు, అంటే నాలుగంకెల సంఖ్య లాంటిది, రాయించాలి. రెండోసారి అడిగినప్పుడు రెండు కాగితాలనూ జతచేయడానికి అది కావాలి.

క్యాలెండర్ మీద అంకెలు, బీరువాలో ఒక గంట

జ్ఞాపకం మీద ఆధారపడిన జవాబులకు తోడుగా, గుంపులో ఒక పది పదిహేను మందితోనైనా రోజువారీ నమోదు చేయించాలి. 1970లలో షికాగో విశ్వవిద్యాలయంలో మిహాయి చిక్‌సెంట్‌మిహాయి బృందం మనుషులకు పేజర్లు ఇచ్చి, అవి మోగినప్పుడల్లా ఆ క్షణంలో ఏం చేస్తున్నారో, ఎలా ఉందో రాయించింది. ఇప్పుడు ఆ పని ఫోన్ యాప్‌లతో చేస్తున్నారు. మన విషయంలో మాత్రం కొలిచే పనిముట్టే మోగి మోగి అలసట పెంచుతుంది కనుక అది పనికిరాదు. వంటింటి గోడ మీద తెలుగు క్యాలెండర్ ఉంటుంది, అందులో పాల లెక్క రాసుకునే అలవాటూ ఉంటుంది. ఆ గడిలోనే, రాత్రి పడుకునే ముందు, ‘ఇక చాలు’ అని ఆ రోజు ఎన్నిసార్లు అనిపించిందో ఒక అంకె వేయమంటాను. ఆ రోజు అరగంటైనా ఫోన్ నిజంగా పక్కన పెట్టి ఉంటే ఆ అంకె చుట్టూ సున్నా చుట్టమంటాను.

ఒక ఇంట్లో ఆ వారం గడులు నాకు ఇంకా గుర్తున్నాయి. సోమవారం 3, మంగళవారం 4, బుధవారం 7, గురువారం 7, దేని చుట్టూ సున్నా లేదు. శుక్రవారం 2, చుట్టూ సున్నా. బుధ, గురువారాల్లో రాత్రి తొమ్మిదిన్నరకు అమెరికా వారితో కాల్స్ ఉంటాయని ఆ ఇంటావిడ చెప్పింది. ఏడు రోజుల ప్రశ్నావళిలో ఆమెకు వచ్చిన స్కోరు మధ్యస్థంగానే ఉంది. అవసరం వారమంతా సమంగా పరచుకుని లేదని, రెండు రాత్రుల మీదనే కుప్పపడిందని క్యాలెండర్ వల్లనే తెలిసింది. అలాంటి మనిషికి వారాంతంలో ఊటీ ప్రయాణం కన్నా ఆ రెండు రాత్రుల్లో ఒకటి తప్పించడం ఎక్కువ ఉపశమనం ఇస్తుంది.

ఇంకొకటి గంట పరీక్ష. అత్యవసరంగా ఫోన్ చేసేవారికి ముందే చెప్పి, ఆదివారం సాయంత్రం ఒక గంట సేపు ఫోన్ ఆపి బీరువాలో పెట్టాలి. మిగతా పనులు మామూలుగా చేసుకుంటూ, ఫోన్ కోసం చేయి వెళ్ళిన ప్రతిసారీ కాగితం మీద ఒక గీత గీసుకోవాలి. రామమూర్తి నగర్‌లో ఉండే ఒక నంద్యాల ఆవిడ ఈ గంటలో బట్టలు మడతపెడుతూ కూర్చుంది. పది నిమిషాలు కాకముందే ఆమె చేయి చీర మడత మధ్యలో ఆగి, సోఫా చేతి మీదకు, అంటే ఫోన్ ఎప్పుడూ ఉండే చోటుకు వెళ్ళింది. అక్కడ ఏమీ లేకపోయేసరికి నవ్వి గీత గీసింది. కాసేపయ్యాక ‘ఎవరో ఫోన్ చేసినట్లుంది’ అని బీరువా వైపు చూసింది, అదీ గీతే. మొదటి అరగంటలో 9 గీతలు, రెండో అరగంటలో 2 పడ్డాయి. గీతలు ఇలా తగ్గిపోతే అది ఎక్కువగా చేతికి పడిన అలవాటని, ఎనిమిదో వాక్యంలో ఎక్కువ మార్కులు వచ్చినా కంగారు పడనక్కరలేదని నేను అనుకుంటాను. గంట చివరిదాకా గీతలు తగ్గకపోతే, ఫోన్‌లో ఏముందోనన్న ఆందోళన వెనక ఇంకేదైనా ఉందేమో నెమ్మదిగా అడిగి తెలుసుకోవాలి. ఒక్క గంటతో ఎవరి మీదా తీర్పు చెప్పకూడదు కనుక దీనికి మార్కులు వేయను.

ఫోన్‌లో నమోదయ్యే లెక్కను కూడా కొందరు అడుగుతారు. 2018 నుంచి ఆండ్రాయిడ్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్, ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్ అనే పేర్లతో ఈ లెక్క దొరుకుతోంది. జనం నోటితో చెప్పే గంటలకూ ఫోన్ నమోదు చేసే గంటలకూ పొంతన అంతంతమాత్రమేనని, అనేక అధ్యయనాలను కలిపి చూసిన పరిశోధకులు 2021లో తేల్చారు కాబట్టి, గంటలు కావాలంటే ఫోన్‌నే అడగాలి. అయినా క్యాబ్ నడిపేవారి ఫోన్‌లో మ్యాప్ రోజంతా వెలుగుతూ ఉంటుంది, పర్పుల్ లైన్ మెట్రోలో వైట్‌ఫీల్డ్ నుంచి మెజస్టిక్ దాకా పాటలు చూస్తూ వెళ్ళేవారికి అది విశ్రాంతే కావచ్చు, ఒకే ఫోన్‌ను ఇంట్లో ముగ్గురు వాడవచ్చు, ఆఫీసు ల్యాప్‌టాప్ ఈ లెక్కలోకి రానే రాదు. మొత్తం గంటల కన్నా రోజుకు ఎన్ని నోటిఫికేషన్లు వచ్చాయి, ఎన్నిసార్లు ఫోన్ తెరిచారు అన్న రెండు అంకెలే నాకు ఎక్కువ పనికివచ్చాయి. అవి కూడా ఇష్టపడి చూపించినవారి దగ్గరే తీసుకోవాలి.

లెక్క కట్టడం

కాగితాలన్నీ వచ్చాక ఒక్కొక్కరిని ఒక్కొక్క అడ్డ వరుసలో, వాక్యాలను నిలువు వరుసల్లో పెట్టి ఎక్సెల్‌లో ఎక్కించాలి. మొదటి ఏడింటిలో ఒకటి ఖాళీగా వదిలిన కాగితానికి మిగతా ఆరింటి సగటును అక్కడ వేయవచ్చు. రెండు అంతకన్నా ఎక్కువ ఖాళీలుంటే ఆ కాగితాన్ని స్కోరు లెక్కలో కలపకూడదు, ఎన్ని అలా పక్కన పెట్టారో మాత్రం నివేదికలో చెప్పాలి.

ఏడు వాక్యాలూ ఒకే సంగతిని అడుగుతున్నాయా అని చూడడానికి 1951లో లీ క్రోన్‌బాక్ చెప్పిన ఆల్ఫా అనే సంఖ్య పనికివస్తుంది. ప్రతి వాక్యానికి వచ్చిన మార్కుల విస్తృతిని (వేరియన్స్, అంటే మార్కులు సగటు నుంచి ఎంతగా చెదిరి ఉన్నాయో చెప్పే సంఖ్య) కనుక్కుని ఏడింటినీ కూడాలి. మొత్తం స్కోరు విస్తృతిని విడిగా కనుక్కోవాలి. మొదటిదాన్ని రెండోదానితో భాగించి, వచ్చినదాన్ని 1 నుంచి తీసివేసి, 7ను 6తో భాగిస్తే వచ్చే సంఖ్యతో గుణించాలి. ఉదాహరణకు వాక్యాల విస్తృతుల మొత్తం 11.2, స్కోరు విస్తృతి 32 అనుకుంటే, 11.2ను 32తో భాగిస్తే 0.35; 1 నుంచి తీసివేస్తే 0.65, దాన్ని 7/6తో గుణిస్తే సుమారు 0.76 వస్తుంది. 0.70 దాటితే మామూలుగా సరిపోతుందంటారు. అంతకన్నా తక్కువ వస్తే ఒక్కొక్క వాక్యాన్నీ తీసి మళ్ళీ లెక్క కట్టి చూడాలి. దేన్ని తీస్తే ఆల్ఫా పెరుగుతుందో ఆ వాక్యమే అనుమానించదగినది. మాకు ఎక్కువగా మెడ నొప్పి దగ్గరే ఇలా వచ్చింది, ముఖ్యంగా వయసు మళ్ళినవారున్న గుంపుల్లో. అందుకని 60 దాటినవారి లెక్క విడిగా చూడడం అలవాటు చేసుకున్నాం. వారి విషయంలో ఇంకొక మాట కూడా చెప్పాలి. అమెరికాలో ఉన్న మనవలను చూపించేది ఆ ఫోనే అయినప్పుడు, విరామం పేరుతో దాన్ని తగ్గించమని చెప్పడానికి మనకు చాలా బలమైన కారణం ఉండాలి.

ఆల్ఫా బాగున్నంత మాత్రాన కొలత నిలకడగా ఉన్నట్టు కాదు. గుంపులో 30 మందికైనా రెండు వారాల తరువాత అదే కాగితం మళ్ళీ ఇచ్చి, రెండు స్కోర్లనూ పక్కపక్కన పెట్టి చూడాలి. మధ్యలో వారి జీవితంలో పెద్ద మార్పేదీ లేకుండానే చాలామంది స్కోరు తారుమారైతే, లోపం వాక్యాల్లో గాని, అడిగిన తీరులో గాని ఉందన్నమాట.

ఇన్ని మార్కులు దాటితే ప్రమాదం అని గీత గీయమని సంఘం పెద్దలు అడుగుతారు. గీయవద్దు. వేలమంది మీద పరీక్షించి, వైద్యుల నిర్ధారణతో పోల్చి చూసిన తరువాతే అలాంటి గీతకు అర్థం ఉంటుంది. దానికి బదులు స్కోర్లను పెద్దదాని నుంచి చిన్నదానికి పేర్చి, పై పావు వంతు మంది ఎవరు, వారికి 8, 9 వాక్యాల్లో ఎన్నెన్ని మార్కులు వచ్చాయి అని చూడాలి. అవసరం స్కోరు ఎక్కువై 9వ వాక్యం కూడా ఎక్కువైతే, మాట్లాడవలసింది ఆ మనిషితో కన్నా పనివేళలు నిర్ణయించేవారితో. ఫోన్ కట్టేయమని ఆ మనిషికి సలహా ఇవ్వడం వల్ల అలసటకు తోడు అపరాధ భావన కలుగుతుంది, అంతకన్నా ఒరిగేదేమీ లేదు. అవసరం ఎక్కువై 8వ వాక్యం ఎక్కువైతే, ఫోన్ ఎక్కడ పెట్టాలి, ఏ వేళకు ఆపాలి అనే చిన్న ఏర్పాట్లు పనిచేస్తాయి. మూడో వాక్యం ఒక్కదాంట్లోనే ఎక్కువ వచ్చినవారికి రాత్రి ఛార్జర్‌ను పడకగదిలోంచి హాల్లోకి మార్చడం మొదటి ప్రయత్నంగా చాలు. మొదటి వాక్యం ఒక్కటే ఎక్కువైతే, ప్రతి 20 నిమిషాలకు 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని 20 సెకన్లు చూడమని కంటి వైద్యులు చెప్పే సూత్రం ఉండనే ఉంది. అవసరమూ తక్కువై 8, 9 వాక్యాల్లో కూడా మార్కులు తక్కువైనవారిని వదిలేయండి, వారు ఎన్ని గంటలు చూసినా సరే.

ఫలితాలను గుంపు మొత్తానికి చెప్పేటప్పుడు పదిమంది కన్నా తక్కువ ఉన్న ఏ చిన్న వర్గం అంకెలూ విడిగా చూపించకూడదు; ‘మూడో అంతస్తులో ఇద్దరు’ అంటే ఆ ఇద్దరూ ఎవరో అందరికీ తెలిసిపోతుంది. ఎవరి స్కోరు వారికి, వారు రాసిన నాలుగంకెల గుర్తు పైన వేసి, మూసిన కవరులో పెట్టి సంఘం గదిలో ఉంచితే వారే వచ్చి తీసుకుంటారు. నిద్ర పట్టడం లేదని, దిగులుగా ఉంటోందని కాగితం అంచున ఎవరైనా రాసి ఉంటే మార్కులతో పని లేదు. ఫోన్‌లో మానసిక ఆరోగ్య సహాయం అందించే టెలిమానస్ నంబరు 14416 ప్రతి కవరులోనూ ముందే పెట్టి ఉంచడం మేలు. ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన ఆ సేవలో తెలుగులో మాట్లాడవచ్చు.

ఏదైనా మార్పు చేసి చూసిన తరువాత, అంటే రాత్రి కాల్స్ వేళ మార్చడమో, ఆదివారం సాయంత్రం గ్రూపులో మెసేజ్‌లు ఆపడమో జరిగి ఒక నెల గడిచాక, అవే వాక్యాలను, ఒక్క మాట కూడా మార్చకుండా, మళ్ళీ ఒక మామూలు వారం చూసుకుని అడగాలి. మొదటిసారి కాగితాన్ని వారికి ముందుగా చూపించకూడదు.